నాగజ్యోతి అనని మాట

బుల్లయ్య పేపరంతా చదివే మనిషి కాదు. మిరప రేట్లు వేసే పేజీ ఒక్కటి చూసుకుని, మిగతాది టీ కొట్టు బల్ల మీదే మడిచి పెట్టేసేవాడు. గల్ఫ్‌లో యుద్ధం మొదలయ్యాక మాత్రం పొద్దున్నే పర్చూరు రోడ్డు మీది టీ కొట్టుకు పోయి, మొదటి పేజీ చూసేదాకా గ్లాసు చేతిలోకి తీసుకోలేకపోతున్నాడు.

అక్షరాలు రోజురోజుకీ పెద్దవవుతున్నాయి. ఒకరోజు 'గల్ఫ్ గజగజ' అని వేశారు. మర్నాడు 'నిప్పుల వాన'. ఆ మర్నాడు నల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో 'తర్వాతేంటి?' అని ఒక్క ముక్కే. వాటి కింద కూలిన మేడలు, మంటలు, తల పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు. ఆ మంటలు ఏ దేశంలోవో, ఎప్పటివో బొమ్మ కింద సన్నటి అక్షరాల్లో రాసి ఉండేది. బుల్లయ్య చూపు అంతవరకూ పోయేది కాదు. పక్కన వేసిన మ్యాపులో తన భార్య ఉన్న దేశం కోసం వేలితో వెతుక్కునేవాడు. దాని మీద ఎర్ర చుక్క ఉంటే వేలు అక్కడే ఆగిపోయేది. చుక్క లేకపోతే, వెయ్యడం మర్చిపోయారేమోనని మరో భయం.

భార్య నాగజ్యోతి అక్కడ ఒక అరబ్బుల ఇంట్లో వంటా, పిల్లల పనీ చేస్తోంది. నల్ల తామర పురుగు పడి మిరప పూత మొత్తం రాలిపోయిన ఏడు, కౌలు చేలో నిలబడి ఇద్దరూ గల్ఫ్ పని మాట అనుకున్నారు. నెలలు తిరక్కుండానే ఆమె విమానం ఎక్కింది. కూతురు జ్యోతిర్మయి గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఇంట్లో ఇప్పుడు బుల్లయ్యా, అతని తల్లి సుబ్బరావమ్మా.

నాగజ్యోతి రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేది.

"ఏమండీ, అన్నం తిన్నారా?"

"నా అన్నం సంగతి పోనియ్యి. అక్కడెట్టా ఉంది? పేపర్లో అన్నీ మంటలే చూపిస్తన్నారు."

"మంటలా? ఎక్కడండీ? మా వీధిలో పిల్లి కూడా అరవట్లేదు. బళ్లు మూసేశారు, పిల్లలు ఇంట్లోనే ఉండి నా ప్రాణం తీస్తన్నారు. అంతే."

"నిజం చెప్పు జ్యోతీ."

"నిజమేనండీ బాబూ. అప్పుడప్పుడూ పైన ఢాంఢాం అంటాయి. మనవైపు పడవంట. వచ్చేవాటిని పైనే అడ్డుకుని కొట్టేస్తారంట."

తర్వాత ఆ ఇంటి సంగతులేవో చెప్పేది. ముసలావిడ ఏమందో, చిన్నపిల్ల ఏం తిననందో. బుల్లయ్య ఊఁ కొడుతూనే ఉండేవాడు. కానీ పొద్దున చూసిన బొమ్మ కళ్ల ముందు నుంచి పోయేది కాదు. ఇంత పేపరోళ్లు అబద్ధం రాస్తారా, తను కంగారు పడతానని జ్యోతే దాస్తోంది అనుకునేవాడు. ఆమె ఎంత మామూలుగా మాట్లాడితే అతనికి అంత భయమేసేది.

ఒకరోజు ఆమె ఒక వీడియో పంపింది. మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తూ తీసినట్టుంది. మసక చీకట్లో ఆకాశం, దాంట్లో అడ్డంగా పాకిపోతున్న రెండు మూడు వెలుగులు, ఎక్కడో చివర ఒక మెరుపు. పక్కింటి నీళ్ల ట్యాంకులు, వాటి మీద ఏవో అరబ్బీ అక్షరాలు. నాగజ్యోతి గొంతు కూడా వినిపిస్తోంది. "అమ్మో, చూడండి, చూడండి, ఎట్టా పోతన్నాయో..." అని. ఆ గొంతులో ఉన్నది భయమో, తిరునాళ్లలో తారాజువ్వ చూసినప్పటి సంబరమో బుల్లయ్యకు తెలియలేదు. ఎన్నిసార్లు విన్నా తెలియలేదు.

ఆ మర్నాడే నరసింహం మిరపకాయలు ఆరబోసిన కల్లానికి వచ్చాడు.

నరసింహానికి పర్చూరు బస్టాండు పక్కన జిరాక్స్ కొట్టుంది. దాంతోపాటు ఒక పేపరుకు మండల విలేకరి. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల మీదా, నకిలీ విత్తనాల మీదా వార్తలు రాస్తాడు. ఊళ్లో ఎవరూ ఆయన్ని చెడ్డ మనిషి అనరు. బండి గట్టు మీద ఆపి, ముక్కుకు రుమాలు కట్టుకుని కాయల మధ్యకు వచ్చాడు.

"బుల్లయ్యా, మీ ఆవిడ అక్కడే ఉంది కదా. ఎట్టా ఉందంట?"

"బాగానే ఉన్నానంటది. నాకైతే నమ్మకం లేదండీ."

"మా పేపరాఫీసు డెస్కు వాళ్లు పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు. యుద్ధం మీద లోకల్ యాంగిల్ కావాలంట. మండలానికి ఒక కుటుంబమైనా ఉండాలంటన్నారు. నాలుగు ముక్కలు చెప్పు, రాసి పంపుతాను."

బుల్లయ్య కాసేపు ఆలోచించాడు. పేపర్లో పడితే కలెక్టరు చూస్తాడు, ఢిల్లీలో ఎవరో చూస్తారు, అందరికంటే ముందు తన భార్యను విమానం ఎక్కిస్తారు. ఆ ఆశ ఎంత బలంగా వచ్చిందంటే, చేతులు దులుపుకుని ఫోను తీసి తనే వీడియో చూపించాడు.

"ఇది పంపించు నాకు" అన్నాడు నరసింహం. అతని కళ్లు ఆ తెర మీదే ఉన్నాయి. "ఇట్టాంటిది ఎవరి దగ్గరా లేదు." బుల్లయ్య అక్కడికక్కడే పంపేశాడు.

సుబ్బరావమ్మ చీర కొంగు మూతికి కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. నరసింహం ఆమె దగ్గరకు వెళ్లి, కోడలి ఫోటో ఏదైనా ఉంటే పట్టుకోమన్నాడు. ఫోను తెర మీద ఉన్న నాగజ్యోతి బొమ్మ ఆమె చేతికిచ్చాడు బుల్లయ్య.

"ఆ గుడ్డ తియ్యండి పిన్నిగారూ, మొహం కనపడాలి."

కొంగు తీసేసరికి ఘాటు పట్టుకుని ముసలామె కళ్లల్లో నీళ్లు ధారగా కారాయి. నరసింహం గబగబా నాలుగైదు ఫోటోలు తీశాడు.

మర్నాడు పొద్దున టీ కొట్టులో పేపరు బుల్లయ్యకంటే ముందే అందరి చేతులూ తిరిగింది. అతను రాగానే మాటలు ఆగిపోయాయి. ఎవరో లేచి చోటిచ్చారు. అతను కూర్చోకుండానే పేపరు అందుకున్నాడు.

జిల్లా పేజీలో సగం మేర అదే. 'నన్ను తీసుకెళ్లండి!' అని పైన పెద్ద అక్షరాలు. దాని కింద 'బంకర్‌లోకి రానివ్వని యజమానులు', 'బిక్కుబిక్కుమంటూ మన జిల్లా మహిళ'. ఎర్రటి కాయల మధ్య కూర్చుని ఏడుస్తున్న సుబ్బరావమ్మ. 'కుమార్తె కోసం విలపిస్తున్న తల్లి' అని ఆ బొమ్మ కింద. పక్కనే వీడియోలోంచి తీసిన ఆకాశం, వెలుగుల చుట్టూ ఎర్ర గీతతో సున్నా చుట్టి. లోపల ఇలా ఉంది: "బాంబులు పడుతుంటే యజమానులంతా బంకర్‌లోకి వెళ్లి తలుపులు వేసుకుంటున్నారు. మమ్మల్ని బయటే వదిలేస్తున్నారు. బతికి వస్తానో లేదో అంటూ నాగజ్యోతి ఫోన్‌లో కన్నీరుమున్నీరైంది." ఊరి పేరు, ఇంటి పేరు, ఆమె ఉన్న పట్నం పేరు, అన్నీ ఉన్నాయి.

బుల్లయ్య మళ్లీ మొదట్నుంచీ చదివాడు. ఆ మాటలు తను నరసింహానికి చెప్పలేదు. ఆ సంగతి తెలుసు. అయినా ఒక్క క్షణం, తనకు చెప్పని మాట ఆమె వేరే ఎవరికైనా చెప్పిందేమో అనిపించింది. తనకు దాచి, వేరే వాళ్ల దగ్గర ఏడ్చిందేమో. తలుపు మూసేసిన బంకరు, దాని బయట మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న నాగజ్యోతి అతని కళ్లకు కట్టినట్టు కనపడింది.

ఫోన్ చేశాడు. స్విచాఫ్.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో చావింటి ముందు చేరినట్టు ఆడవాళ్లు చేరారు. సుబ్బరావమ్మ మధ్యలో నిలబడి అరుస్తోంది.

"నేనేడిశానా? మిరక్కాయల ఘాటే అది! నేను దాని తల్లినా? అత్తని! ఒరే బుల్లయ్యా, ఏం రాయించావురా ఈ రాతలు? నా కోడలు నిక్షేపంగా ఉంటే ఈళ్లంతా నన్ను పరామర్శ చేస్తన్నారేందిరా?"

"నేను రాయించలేదమ్మా."

"ఫోన్ చెయ్యి దానికి."

"చేశాను. కలవట్లేదు."

ఆ మాట వినగానే ఆడవాళ్లు ఇంకా దగ్గరకు జరిగారు. ఈసారి సుబ్బరావమ్మ వాళ్లను కాదనలేదు.

గుంటూరు నుంచి జ్యోతిర్మయి ఫోన్ చేసింది. హాస్టల్లో పిల్లలందరి ఫోన్లలోనూ అదే తిరుగుతోందంట. పేపరు వాళ్ల వెబ్‌సైటులో వీడియో కూడా పెట్టారంట, గొంతుతో సహా. "అమ్మకి ఏమైంది నాన్నా?" అంటూ ఏడుస్తోంది. ఏం కాలేదని చెప్పాడు.

మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి కాల్ వచ్చింది. నజ్మీన్. చీరాల పిల్ల, నాగజ్యోతి ఉన్న వీధిలోనే ఎదురింట్లో పనిచేస్తుంది. అక్కడ చాలా ఏళ్లుగా ఉంది, అరబ్బీ బాగా వచ్చు.

"అన్నా, ఏం పని చేశావన్నా నువ్వు?" ఆమె గుసగుసగా మాట్లాడుతోంది. "ఆ పేపరు ఇక్కడి తెలుగు గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. మా వీధి డ్రైవరొకడు ఫోన్లో అరబ్బీలోకి మార్చి వాళ్ల సార్‌కి చూపించాడు."

"జ్యోతి ఎక్కడమ్మా? ఎట్టా ఉంది?"

"ఇంట్లోనే ఉంది. ఫోన్ లాగేసుకున్నారు. మేడం పొద్దున్నుంచీ అన్నం ముట్టలేదంట. మేమెప్పుడు నిన్ను బయట వదిలేశామని ఒకటే అడుగుతోందంట. అది సరే అన్నా, ఆ వీడియో! ఇక్కడ ఆకాశంలో పోయేవాటిని వీడియో తీస్తే పోలీసులు పట్టుకుపోతారు. తియ్యొద్దు, పంపొద్దు అని రోజూ మెసేజులు పెడతన్నారు. వదినకి అరబ్బీ రాదు కదా, చూసుకోలేదు. ఆ ట్యాంకు మీద పక్కింటోళ్ల పేరుంది. పేరు చూస్తే ఇల్లు తెలిసిపోతది. పోయిన వారం మా వెనక వీధిలో ఒకణ్ణి తీసుకుపోయారు, ఇంకా రాలేదు."

బుల్లయ్య గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"అన్నా, ఉన్నావా? ముందు ఆ పేపర్లోంచి తీయించు దాన్ని. మేడంతో మాట్లాడే వీలుంటే నేను చేస్తా." ఫోన్ పెట్టేసింది.

క్షిపణి వచ్చి పడుతుందని ఇన్నాళ్లూ వణికాడు. దాని నుంచి తప్పించుకోవడానికి తను చేసిన పనే ఇప్పుడు ఆమె మీద పడింది. ఈ భయానికి మ్యాపు లేదు. ఎర్ర చుక్క ఎక్కడ పెట్టాలో తనకొక్కడికే తెలుసు.

చెప్పులు కూడా వేసుకోకుండా బండి మీద పర్చూరు వెళ్లాడు. నరసింహం జిరాక్స్ మిషను పక్కన కూర్చుని ఉన్నాడు. బుల్లయ్య మొహం చూడగానే లేచి నిలబడ్డాడు.

"నేను రాసింది అది కాదు బుల్లయ్యా. ఒట్టు." ఫోను తీసి తను పంపిన వార్త చూపించాడు. నాలుగే వాక్యాలు. 'ప్రస్తుతానికి క్షేమంగానే ఉన్నట్టు నాగజ్యోతి భర్తకు తెలిపారు' అని ఉంది అందులో.

"మరి ఇదెక్కడిది?"

"డెస్కులో మార్చారు. పొద్దున అడిగితే, మంచి రెస్పాన్స్ వచ్చింది, రేపు ఫాలోఅప్ పంపమన్నారు." ఆయన తల దించుకున్నాడు.

బుల్లయ్య అతని చొక్కా పట్టుకున్నాడు. అంతలోనే వదిలేశాడు. "మా ఆవిణ్ణి పోలీసులు పట్టుకుపోతారంట నరసింహం గారూ. మీరు వేసిన వీడియో మూలంగా. నేనిచ్చిన వీడియో మూలంగా. పదండి గుంటూరు."

గుంటూరులో పేపరు ఆఫీసు ఊరి చివర, ప్రెస్సు ఉన్న ప్రహరీలోనే ఉంది. పై అంతస్తులో డెస్కు. వాళ్లు వెళ్లేసరికి సాయంత్రం డ్యూటీ వాళ్లు అప్పుడే వచ్చి కంప్యూటర్లు తెరుస్తున్నారు. గోడకున్న టీవీలో అవే మంటలు, శబ్దం లేకుండా. ఎడిషన్ ఇన్‌ఛార్జి ప్రద్యుమ్న కుర్చీ చూపించాడు. చిన్నవాడే, మర్యాదగానే మాట్లాడాడు.

"ఏమైంది, చెప్పండి."

బుల్లయ్య చెప్పాడు. నజ్మీన్ చెప్పిందంతా చెప్పాడు. ఆఫీసని చూడకుండా పొలంలో పిలిచినట్టు గట్టిగా మాట్లాడుతున్నానని అతనికే తెలుస్తోంది, కానీ గొంతు తగ్గించడం చేతకాలేదు.

ప్రద్యుమ్న మొహం పాలిపోయింది. "అక్కడ అలాంటి రూలుందని మాకు తెలియదండీ."

"ఆమె అనని మాట అన్నట్టు రాయకూడదన్న రూలు తెలుసు కదండీ?"

పక్క టేబులు దగ్గర కూర్చున్న అమ్మాయి లేచి వచ్చింది. పేరు అలేఖ్య. ఆ వార్త దిద్దింది తనే అంది. కూతురు జ్యోతిర్మయి కంటే ఓ పదేళ్లు పెద్దదై ఉంటుంది.

"నరసింహం గారు పంపింది నాలుగు లైన్లేనండీ. పేజీలో చోటు పెద్దది. క్షేమంగా ఉంటే ఇంక వార్తేముంది, భయం కనపడాలి అన్నారు పైనుంచి. వేరే జిల్లా నుంచి వచ్చిన ఇంకో వార్తలో ఎవరో అన్నారు, బంకర్లోకి రానివ్వట్లేదని. అక్కడ అందరి పరిస్థితీ అంతే అనుకున్నాను. ఈవిడ కూడా అదే అని ఉంటుందని..."

"అది వేరే దేశం కావచ్చు కదమ్మా" అన్నాడు నరసింహం నీరసంగా.

"కావచ్చండీ." ఆమె తన కంప్యూటరు తెర వైపు చూపించింది. "మాకు అన్నీ కలిపి 'గల్ఫ్' అనే ఫోల్డర్లో వస్తాయి."

ఎవర్నీ అడక్కుండానే తన కంప్యూటరు దగ్గరకు వెళ్లి, ఎవరికో ఫోన్ చేసి, వెబ్‌సైటులోంచి వీడియోనూ వార్తనూ తీయించింది. తీసేశారో లేదో బుల్లయ్య ఫోనులోనే వెతికి చూపించింది. అక్కడ ఇప్పుడు తెల్లటి పేజీ ఉంది. కానీ జనాల ఫోన్లలోకి పోయినదాన్ని ఎవరు తీస్తారు? ఆ సంగతి ఆమే అంది.

"రేపు సవరణ వెయ్యండి" అన్నాడు బుల్లయ్య. "ఆమె ఆ మాట అనలేదని వెయ్యండి. అది చూపిస్తే వాళ్ల మేడం నమ్ముద్ది."

ప్రద్యుమ్న తన కుర్చీ బుల్లయ్య దగ్గరకు జరుపుకున్నాడు.

"వేస్తాను. కాదనను. కానీ ఒక్కసారి ఆలోచించండి. సవరణలో మీ ఆవిడ పేరు మళ్లీ వెయ్యాలి. ఊరు వెయ్యాలి. ఏ వార్తకు సవరణో చెప్పాలి. ఇవాళ చూడనివాళ్లు కూడా రేపు చూస్తారు. చూసి, ఆ వీడియో ఏంటని వెతుకుతారు. అక్కడి పోలీసులకు ఇంకా తెలియకపోతే దానివల్ల తెలియొచ్చు. ఆ ధైర్యం నేను చెయ్యలేను. మీరు చెయ్యమంటే చేస్తాను."

అతను తప్పించుకుంటున్నాడా, నిజమే చెప్తున్నాడా? బుల్లయ్యకు అర్థం కాలేదు. రెండూ అయి ఉండొచ్చు. వెయ్యమంటే ఒక భయం, వద్దంటే ఇంకో భయం. ఆ గదిలో ఉన్న ఇంతమంది చదువుకున్నవాళ్లు తన నోటి వైపే చూస్తున్నారు. ఎటు చెప్పినా దాని ఫలితం సముద్రం అవతల ఒక గదిలో ఫోను లేకుండా కూర్చున్న మనిషి మీద పడుతుంది.

"వద్దులెండి" అన్నాడు చివరికి. "ఆమె పేరు ఇంక ఎక్కడా వెయ్యొద్దు."

కిందికి దిగి బండి దగ్గరకు వచ్చారో లేదో ఫోన్ మోగింది. నజ్మీన్ చేసింది.

"అన్నా, మేడం మా గేటు దగ్గరకొచ్చింది. నా పక్కనే ఉంది. నువ్వేదన్నా చెప్తావంటే నేను అరబ్బీలో చెప్తా. తొందరగా అన్నా."

ప్రెస్సులోకి పేపరు రీళ్లు దింపుతున్న లారీ మోత. బుల్లయ్య ప్రహరీ మూలకు పరిగెత్తి, ఒక చెవి మూసుకున్నాడు.

"అమ్మా, నేను నాగజ్యోతి మొగుణ్ణి. పేపర్లో పడింది మా ఆవిడ అన్న మాట కాదు. వాళ్లే రాసుకున్నారు. మా ఆవిడ నాకేం చెప్పిందో అది చెప్తాను."

చెప్తానని ఆగిపోయాడు. ఏం చెప్పింది? రోజూ అంతసేపు మాట్లాడింది కదా. తను విన్నదెంత? అంతసేపూ మంటల బొమ్మలు తలలో పెట్టుకుని ఊఁ కొట్టాడు. ఒక్క మాటా గుర్తు రాకపోతే?

"అన్నా" అంది నజ్మీన్. "చూస్తోంది అన్నా ఆమె."

"మొదటిసారి సైరన్ మోగినప్పుడు..." అన్నాడు. అది నోట్లోంచి వచ్చాక మిగతాది దారంలా దాని వెనకే వచ్చింది. "సైరన్ మోగినప్పుడు మేడం తన చెల్లెల్ని పిలవడానికి ముందు జ్యోతీ జ్యోతీ అని అరిచిందంట. ఇంట్లో కిటికీలు లేని నడవా ఉందంట కదా, అందరూ అక్కడే కూర్చున్నారంట. ఆ ఇంటి ముసలావిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా వదల్లేదంట. మణికట్టు కమిలిపోయిందని చెప్పింది, చెప్పి నవ్వింది. చిన్నపాప ఎవరు పెట్టినా తినకపోతే, మా ఆవిడ చేత్తో పప్పన్నం కలిపి పెడితే తినిందంట. మేడం కూడా ఒక ముద్ద పెట్టించుకుందంట. ఇదే తల్లీ, నాకు చెప్పింది ఇదే. మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. పేపరోళ్లకిది వార్త కాదంట. నాకూ అనిపించలేదు. తప్పు నాది, దానిది కాదు."

నజ్మీన్ చెబుతోంది. ఆ భాష ఏమీ తెలియకపోయినా 'జ్యోతి' అన్న మాట వచ్చినప్పుడల్లా బుల్లయ్య ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు. తర్వాత ఇంకో ఆడగొంతు, సన్నగా.

"ఆ చెయ్యి పట్టుకున్న సంగతి కూడా చెప్పిందా అని అడుగుతోందన్నా."

"చెప్పింది. చెప్పిందమ్మా."

మళ్లీ అరబ్బీ. ఈసారి ఎక్కువసేపు.

"నమ్మానంటోంది. కానీ వాళ్ల సార్‌కి భయంగా ఉందంట. పక్కింటోళ్లు కంప్లయింట్ ఇస్తే ఆయన మీదకి కూడా వస్తదంట. ఫోన్ పగలగొట్టి పారేశారంట. ఇంక ఫోన్ ఉండదంట వదినకి. ఈ గొడవ సద్దుమణిగితే, శుక్రవారం పూట మేడం ఫోన్లోంచే మాట్లాడిస్తానంటోంది. సద్దుమణిగితేనే అన్నా." లైను తెగిపోయింది.

నరసింహం అతని భుజం మీద చెయ్యి వేశాడు. బుల్లయ్య తీసెయ్యలేదు. పట్టించుకోలేదు కూడా.

ఆ తర్వాతి రోజులు అన్నిటికంటే చెడ్డవి. యుద్ధం ఆగిపోయింది. 'గల్ఫ్‌లో ప్రశాంతత' అని ఒక కాలమ్ వేశారు, ఆ మర్నాడు మొదటి పేజీలో అదీ లేదు. కొత్త సినిమా హీరో బొమ్మ, కింద ఏదో క్రికెట్. టీ కొట్టులో జనం దాని గురించే మాట్లాడుకుంటున్నారు. "అయిపోయింది కదా బుల్లయ్యా, ఇంకేం భయం?" అన్నారు. బుల్లయ్య లోపలి పేజీలన్నీ తిప్పేవాడు. అక్కడ ఎంతమందిని పట్టుకున్నారో, విదేశీయుల్ని ఏం చేస్తున్నారో, ఒక్క లైనన్నా ఉంటుందేమోనని సినిమా ప్రకటనల పక్కన కూడా వెతికేవాడు. ఏమీ లేదు. మంటలు ఉన్నప్పుడు కనీసం ఎటు చూసి భయపడాలో తెలిసేది. ఇప్పుడు పేపరు నిండా మామూలు సంగతులే, అతను మాత్రం వాకిట్లో ఏ బండి ఆగినా బయటికి పరిగెడుతున్నాడు. నజ్మీన్ నంబరుకు చేస్తే ఎత్తడం లేదు. ఆమె కూడా భయపడి ఉంటుంది.

మొదటి శుక్రవారం ఫోను రాలేదు. ఆ రోజు సుబ్బరావమ్మ పొయ్యి వెలిగించలేదు. కొడుకుతో మాట్లాడలేదు. రెండో శుక్రవారం కూడా రాలేదు. జ్యోతిర్మయి పరీక్షలు వదిలేసి వస్తానంటే బతిమాలి ఆపాడు.

ఆ తర్వాతి శుక్రవారం బుల్లయ్య చేలో మిరప కట్టె పీకుతున్నాడు. కాయ కోత అయిపోయి, ఎండిన మొక్కలు మాత్రం మిగిలాయి. జేబులో ఫోను మోగితే, చేతికంటుకున్న మట్టితోనే తీశాడు.

"ఏమండీ."

అతను చాళ్ల మధ్య కూలబడ్డాడు. "జ్యోతీ! జ్యోతీ, బాగున్నావా?"

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. అమ్మ ఆ చివర గట్టు దగ్గరుంది."

"స్పీకరు పెట్టారా?"

"లేదు."

"రికార్డు చెయ్యట్లేదుగా?"

"అయ్యో, లేదే. నేనే జ్యోతీ."

అవతల ఏదో తలుపు దగ్గరకు వేసిన చప్పుడు వినిపించింది. ఇన్నేళ్లలో ఆమె తనతో మాట్లాడే ముందు ఇలా చుట్టూ చూసుకోవడం అతనెప్పుడూ ఎరగడు. పోలీసులకు భయపడుతోందనుకున్నాడు. కాసేపటికి తెలిసింది, ఆమె భయపడుతున్నది తనకు.

"పేపర్లో వేసింది నేను అనలేదండీ."

"తెలుసు."

"బంకరు మాట అబద్ధం. ఈ ఇంట్లో బంకరే లేదు. వీళ్లు నన్ను బాగానే చూస్తారు." ఆగింది. గొంతు బాగా తగ్గించింది. "పైన పెద్దక్షరాలతో ఉందంట కదా, నన్ను తీసుకెళ్లమన్నట్టు. నజ్మీన్ చెప్పింది. అది కూడా నేననలేదు. కానీ రోజూ నోటిదాకా వచ్చేది. ఇల్లు ఊగేది, కిటికీ అద్దాలు గలగల్లాడేయి. మీకు ఫోన్ చేసే ముందు బాత్రూంలో మొహం కడుక్కుని, ఏం చెప్తే మీరు నవ్వుతారా అని చూసుకునేదాన్ని. అనలేదు గానీ అనాలనిపించింది. వాళ్లకెట్టా తెలిసిందో ఆ మాట?"

బుల్లయ్య చేతికందిన మట్టిగడ్డను పిసుకుతున్నాడు.

"మీరు ఎవరికీ చెప్పొద్దు."

"చెప్పను."

"అత్తయ్యకి కూడా."

"చెప్పను. వచ్చెయ్యి జ్యోతీ. ఏదోటి చేద్దాం, వచ్చెయ్యి."

"పాస్‌పోర్టు సార్ దగ్గరుంది. ఇప్పుడడిగితే..." అంటూండగానే వెనక ఎవరిదో పిలుపు వినపడింది. మరుక్షణం నాగజ్యోతి గొంతు మారిపోయింది, ఎప్పటి మధ్యాహ్నాల గొంతులా పెద్దగా, హుషారుగా. "ఆఁ, అంతా బాగుందండీ! అత్తయ్యనీ పిల్లనీ అడిగానని చెప్పండి. ఉంటాను."

ఫోను ఆగిపోయింది. బుల్లయ్య దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు. ఎండ నెత్తి మాడ్చేస్తోంది.

గట్టు మీద నుంచి సుబ్బరావమ్మ గబగబా వస్తోంది, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, మొక్కల మోళ్లు కాళ్లకు గుచ్చుకుంటున్నా చూసుకోకుండా.

"అదేనా? కోడలేనా? ఏమందిరా?"

బుల్లయ్య లేచాడు. మొహం భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"బాగానే ఉందంట."

"ఇంకేమీ అన్లేదా?"

"నిన్నడిగిందమ్మా. ఇంకేమీ అన్లేదు."

ముసలామె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకుని, అక్కడే చాల్లో కూర్చుని ఈసారి నిజంగా ఏడ్చింది. బుల్లయ్య ఆమె వైపు చూడకుండా వంగి, చేతికందిన మిరప మొక్కను మొదలంటా పట్టుకుని లాగాడు.